సుద్ద గుర్తు

ఉప్పు రాలుతోంది.

కంబన్న పాత పళ్ల బ్రష్షుతో వ్యాగను పక్కరేకును రుద్దుతున్నాడు. రంగు కింద అంటించిన కల్లుప్పు గింజలు ఒక్కొక్కటీ ఊడి, బల్ల మీద పరిచిన పేపరు మీద పడుతున్నాయి. గింజ ఊడిన చోట, ముందే పూసి పెట్టిన తుప్పు రంగు బయటపడుతోంది. తలుపు కీలు కింద రెండు మచ్చలు. పలుగు పోట్లు తగిలే చోట నాలుగు. వాన నీళ్లు నిలిచే మూలలో ఒకటి.

"చారులోకి ఉప్పు లేదంటే రేపు తెస్తానంటివి. ఈడ బండికి మాత్రం పిడికెడు తినిపించినావు," అంది వెనక నుంచి సుబ్బలక్ష్మమ్మ.

"ఇది కల్లుప్పుమే. చారులోకి మెత్తుప్పు గదా."

"నాలిక్కి తెలుస్తాదిలే ఏ ఉప్పో."

ఆమె కాఫీ గ్లాసు కిటికీలో పెట్టింది. బల్ల మీద పెట్టలేదు. రెండు నెలలుగా ఆ బల్ల దగ్గరికి ఆమె రావడం లేదు.

కంబన్నకు అరవై నాలుగేళ్లు. రైల్వేలో ముప్పై ఒక్క సంవత్సరం వ్యాగన్ల పని చేశాడు. ఇప్పుడు రాజంపేటలో, అద్దె ఇంటి ముందు గదిలో, బొమ్మ వ్యాగన్లు చేస్తాడు. బెంగళూరులో రైలు బొమ్మలు నడిపేవాళ్ల సంఘం ఒకటుంది. వాళ్లు ఇత్తడి రేకులు పోస్టులో పంపుతారు. భాగాలన్నీ రేకులోనే అచ్చు కొట్టి ఉంటాయి. వాటిని కత్తిరించి, అంచులు ఆకురాయితో గీకి, మడిచి, టంకం పెట్టి, రంగు కొట్టాలి. అంతవరకు చెయ్యగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. తర్వాతి పని కోసమే కంబన్నకు పంపుతారు. కొత్త బండిని పాత బండి చెయ్యడం. దాన్ని అతను పాతబెట్టడం అంటాడు.

మిగతావాళ్లు తుప్పును బండి మొత్తానికీ పూస్తారు. బండి మొత్తానికీ తుప్పు పట్టదు. ఎక్కడ పడుతుందో, ఎక్కడ మనుషుల చేతులు తగిలి పట్టదో కంబన్నకు తెలుసు. రోజుకు నూరు వ్యాగన్ల పక్కన, వంగి, టార్చిలైటు పట్టుకుని నడిచినవాడు. అతని బల్ల మీద మూడు డబ్బాలుంటాయి. ఒకదానిలో దీపపు మసి. ఒకదానిలో ముగ్గురాయి పొడి. మూడోదానిలో బ్రేకు దిమ్మల నుంచి రాలిన పొడి. పదవీ విరమణ రోజున శాలువాతో పాటు అతను ఇంటికి తెచ్చుకున్నది ఆ మూడో డబ్బా.

ఈ వ్యాగను అసలు దాంట్లో నలభై మూడో వంతు. జానెడు దాటి ఉంటుంది. పైన మూత లేనిది, ఎనిమిది చక్రాలది. పక్కరేకు మీద తెల్ల అంకెలు: 41763.

రెండు నెలల కిందట ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు సాహితి అని చెప్పింది. కడపలో బ్యాంకు ఉద్యోగం.

"అంకుల్, మా నాయన రిటైరవుతాండాడు. ఆయన పనిచేసిన యార్డులో బండి మాదిరి ఒకటి కావాల. కొత్తగా ఉండకూడదు. శానా పని చేసిన బండి మాదిరి ఉండాల."

"ఏ యార్డు పాపా?"

ఆమె చెప్పింది. సున్నపురాయి, ముగ్గురాయి, సిమెంటు ఎత్తే యార్డు అది.

"నాయన పేరు?"

"ఓబుళేశు. అప్పట్లో ఆడ ఇన్‌ఛార్జి. మీకు తెలుసా?"

కంబన్న ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు.

"విన్నా. నంబరు ఏం వేయమంటావు?"

"ఏదో ఒకటి వేయండి అంకుల్. మీకే బాగా తెలుస్తాది."

"తెలుస్తాది. ఫంక్షనుకు ఎవరెవరు వస్తారు?"

"ఆఫీసోళ్లంతా."

"అటెండర్లు కూడానా?"

"ఈరక్క లేకుండానా! నాయనకు రోజూ టీ ఇచ్చేది ఆమే గదా."

"చేస్తా పాపా," అన్నాడు కంబన్న. "నేనే తీసుకొస్తా. కొరియరులో ఇరిగిపోతాది."

యార్డులో పద్ధతి ఇది. బండి చూసేవాడు తేడా ఉన్న వ్యాగను మీద ముందు సుద్దతో గుర్తు పెడతాడు. ఒక ఇంటూ, కింద సిక్ అనే మాట, కింద తన పొడి అక్షరాలు, తేదీ. బండి మొత్తం చూసినాక ఆఫీసుకు వచ్చి మెమో రాస్తాడు. మెమో రాస్తేనే కాగితం మీద ఆ వ్యాగనుకు జబ్బు చేసినట్టు. గుర్తుకూ మెమోకూ మధ్య టీ తాగడం అందరికీ అలవాటు. కంబన్నకూ అలవాటే.

పదకొండేళ్ల కిందట, జూన్ పద్నాలుగున, యాభై ఎనిమిది వ్యాగన్ల గూడ్సులో నలభయ్యో దాని కింద స్ప్రింగు రెండు ముక్కలై ఉండటం అతను చూశాడు. గుర్తు పెట్టాడు. టీ తెచ్చుకున్నాడు. గ్లాసుతో తిరిగి వచ్చేసరికి ఓబుళేశు ఆ వ్యాగను దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ నెల ఆ యార్డు లోడింగులో మొదటి స్థానానికి రెండు బండ్ల దూరంలో ఉంది. వ్యాగనును బండి నుంచి విడదీసి పక్కన పెట్టాలంటే రెండు గంటలు పడుతుంది.

ఓబుళేశు అరచేతిని గుర్తు మీద పెట్టి, పైనుంచి కిందికి ఒక్కసారి తుడిచాడు. రెండు చేతులూ దులుపుకున్నాడు.

"దుమ్మప్పా ఇది," అన్నాడు. "ముందు స్టేషన్లో చూస్తారులే."

కంబన్న చేతిలో టీ గ్లాసు ఉంది. జేబులో సుద్ద ఉంది. అతను టీ తాగాడు.

బండి నలభై కిలోమీటర్లు పోయింది. పట్టాల పక్కన పచ్చజెండా పట్టుకుని శివన్న నిలబడి ఉన్నాడు. ఆదోని వైపు ఊరివాడు, పట్టాల పని చేసే మనిషి. స్ప్రింగు విరిగిన వ్యాగను పట్టాలు తప్పి అతని మీద పడింది.

విచారణలో కంబన్న గుర్తు పెట్టానన్నాడు. వ్యాగను మీద గుర్తు లేదు. పుస్తకంలో మెమో లేదు. ఓబుళేశు గుర్తేదీ చూడలేదన్నాడు. కంబన్నను బండ్లు చూసే పని నుంచి తీసి, షెడ్డులో బ్రేకు దిమ్మలు మార్చే పనిలో వేశారు. ఆ పనిలోనే రిటైరయ్యాడు. దాన్ని అతను భరించాడు. భరించలేకపోయింది ఇంకొకటి. శవం దగ్గర శివన్న పెండ్లాం ఈరక్క లేచి వచ్చి అతని కుడిచెయ్యి పట్టుకుంది.

"ఈ చేతితో ఒక్క గీత గీసింటే నా మొగుడు ఉంటుండె. ఒక్క గీతన్నా! దుడ్లు అయితాయా గీతకు?"

ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. భర్త పోయినందుకు ఆమెకు ఆఫీసులో అటెండరు పని ఇచ్చారు. కంబన్న రిటైరయ్యేదాకా, వరండాలో ఎదురైతే గోడ వైపు తిరిగేది. మాట లేకుండా పదకొండేళ్లు.

ఉప్పంతా రాలింది. కంబన్న ముగ్గురాయి పొడిని బ్రష్షుతో అద్ది, పక్కరేకుల పై అంచున చల్లి, నోటితో ఊదాడు. చక్రాల పైభాగాన బ్రేకు పొడి పట్టించాడు. అప్పుడు చొక్కా జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క తీశాడు. రిటైరై నాలుగేళ్లయినా ఆ జేబులో సుద్ద ఉంటుంది. చొక్కాలన్నిటికీ ఎడమ జేబు అడుగున తెల్లగా ఉంటుంది. ఉతికే ప్రతిసారీ సుబ్బలక్ష్మమ్మ తిడుతుంది.

సుద్దను బ్లేడుతో గీకి, పొడిని చుక్క నీళ్లతో కలిపాడు. మూడు వెంట్రుకల బ్రష్షు తీసుకున్నాడు. ఊపిరి బిగపట్టి ఇంటూ గీశాడు. సిక్ అని రాశాడు. కె.బి. అని రాశాడు. 14-6-13 అని రాశాడు. చెరిపినాక ఉన్నట్టు కాదు, చెరపక ముందు ఉన్నట్టు. ఆరాక దాని మీద లక్కరు కొట్టాడు. మెరుపు లేని లక్కరు. కొట్టినట్టు కంటికి తెలియదు. ఒకసారి ఆరాక ఎంత తుడిచినా కింది రాత పోదు.

వ్యాగనును వాకిట్లో ఎండకు పెట్టాడు. సుబ్బలక్ష్మమ్మ గడపలో నిలబడి చూసింది. ఆమెకు ఆ నంబరు తెలుసు.

"ఆయప్ప చేత ఏం చెప్పించుకుంటావు దీంతో?"

"నేను గుర్తు పెట్టినానని. ఈరక్క వినేటట్లు. ఒక్క మాట."

"చెప్పడు."

"చెప్పకపోతే మానె. నలుగురి ముందర చూస్తాడు గదా. ఆయన మొగం నేను చూస్తా. పదకొండేండ్లు నిద్ర చెడింది నాకొక్కనికేనా?"

"నాకు చెడలేదా?" అందామె. "తీసకపో దీన్ని. రేత్రి అన్నం తినేదానికి రా."

రాజంపేట బస్టాండులో కడప బస్సు ఎక్కాడు. అట్టపెట్టెను ఒడిలో పెట్టుకుని, గుంత వచ్చిన ప్రతిసారీ రెండు చేతులతో పైకి లేపి పట్టుకున్నాడు. ఒంటిమిట్టలో గుండు చేయించుకున్న బిడ్డతో ఒకామె ఎక్కి పక్కన కూర్చుంది. కాసేపు పెట్టెను చూసింది.

"ఏముండాదప్పా అందులో? దేవుడా?"

"కాదుమ్మా. బండి."

"బండిలో బండి ఎక్కించినావు. దానికి టికెట్టు తీసుకుంటివా?"

"పదకొండేండ్ల కిందటే తీసుకున్నా."

ఆమె నవ్వి, బిడ్డ నెత్తి మీద కొంగు కప్పింది.

కడపలో కల్యాణమండపం ముందు ఓబుళేశు ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. లోపల రెండు వందల కుర్చీలు. మూడొంతులు నిండాయి. వెనక వడలు వేగుతున్నాయి. సాహితి ఎదురొచ్చి పెట్టె అందుకుంది. పక్క గదిలో మూత తీసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అంకుల్, అచ్చం నిజం బండి! ఈ సుద్ద రాత కూడానా! నాయన కండ్లలో నీళ్లు పెట్టుకుంటాడు సూడండి."

"సూస్తా పాపా."

ఈరక్క తట్ట తీసుకుని వచ్చింది. యాభై దాటింది. నీలం చీర, మెడలో ఆఫీసు కార్డు. కంబన్నను చూడగానే గోడ వైపు తిరిగింది.

"ఈరక్కా, పిలిచినప్పుడు దీన్ని మెల్లగా తీసుకురా. పగిలేది," అంది సాహితి.

ఈరక్క తట్టలో వ్యాగనును సర్దుకుంది. ఆమెకు చదువు రాదు, అంకెలు వస్తాయి. విచారణ కాగితంలో శివన్న మీద పడిన వ్యాగను నంబరు ఉంది. దాన్ని అందరి ముందు చదివినప్పుడు ఆమె ఆ నంబరును పైకి మూడుసార్లు చెప్పుకోవడం కంబన్న విన్నాడు. ఇప్పుడు ఆమె పెదవులు కదలడం చూశాడు. నాలుగు. ఒకటి. ఏడు. ఆరు. మూడు.

తట్టలో వ్యాగను చక్రాలు చిన్నగా కదిలాయి. ఆమె తట్టను పొట్టకు ఆనించుకుంది.

వేదిక మీద దావీదురాజు మాట్లాడుతున్నాడు. ఓబుళేశు కింద పదేళ్లు పనిచేసినవాడు.

"సార్ యార్డులో ఉన్నన్ని దినాలు ఒక్క బండి ఆగింది లేదు. ఎవరన్నా ఆగిందని చెప్పమనండి చూస్తాం! వర్షం రానీ, వరద రానీ, సార్ చెయ్యి పడిందంటే బండి కదలాల్సిందే."

చప్పట్లు కొట్టారు. కంబన్న రెండో వరుసలో కూర్చున్నాడు. అతను కూడా కొట్టాడు.

ఓబుళేశు మెడలో నాలుగు దండలున్నాయి. వేంపల్లె దగ్గరి చీనీతోటల నుంచి చుట్టాలు బస్సు కట్టుకుని వచ్చారు. జుట్టు నెరవలేదు, రంగు వేశాడు. సాహితి మైకు తీసుకుని, నాయనకు తాను ఒక బండి కొన్నానంది. కారు అనుకుని చుట్టాలు ఈలలు వేశారు. ఈరక్క తట్టతో మెట్లెక్కింది.

ఓబుళేశు వ్యాగనును చేతిలోకి తీసుకుని పెద్దగా నవ్వాడు.

"అబ్బబ్బ! చక్రాలు కూడా తిరుగుతాండాయే!"

కంబన్న అతని ముఖం చూస్తున్నాడు. ఓబుళేశు నంబరు చూశాడు. ముఖంలో ఏమీ మారలేదు. మళ్లీ చూశాడు. ఏమీ మారలేదు. పదకొండేళ్లుగా కంబన్న ఎన్నో అనుకున్నాడు కానీ, ఆ నంబరును ఆ మనిషి మరిచిపోయి ఉంటాడని అనుకోలేదు.

అప్పుడు ఓబుళేశు వ్యాగనును పక్కకు తిప్పాడు. సుద్ద గుర్తు కనిపించింది.

"దుమ్ము పడిందే," అని బొటనవేలు దాని మీద పెట్టి, పైనుంచి కిందికి తుడిచాడు.

పోలేదు. ఇంకోసారి తుడిచాడు. జేబురుమాలు తీసి, నాలుకతో తడిచేసి తుడిచాడు. పోలేదు.

"అది పోదు సార్," అన్నాడు కంబన్న కూర్చున్న చోటి నుంచి. "పైన లక్కరు కొట్టినా."

ఓబుళేశు తలెత్తి చూశాడు. కాసేపు గుర్తుపట్టలేదు. తర్వాత గుర్తుపట్టాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. బొటనవేలి గోరు గుర్తు మీద గీకుతూనే ఉంది. రంగు పొట్టు ఒకటి లేచి కింద పడింది.

"నాయనా, గీకొద్దు! అది దుమ్ము కాదు, కావాలనే రాసింటారు," అంది సాహితి. మైకు ఆమె చేతిలోనే ఉంది.

ఈరక్క ఖాళీ తట్టతో అక్కడే నిలబడి ఉంది.

"ఏం రాసిండారు పాపా దాని మీద?"

"సిక్ అని ఈరక్కా. అంటే పనికిరాదని. కింద కె.బి. అని ఉండాది. తేదీ, పద్నాలుగు, ఆరు, పదమూడు."

మైకులో తేదీ హాలు చివరిదాకా వినపడింది. చుట్టాలకు అది తేదీ. ఆఫీసు వాళ్ల వరుసల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. దావీదురాజు నేల చూశాడు.

"సార్," అంది ఈరక్క. "ఆ పొద్దు ఈ రాత ఉండెనా?"

"ఈరమ్మా, పోయి నీళ్లు తీసకరా."

"ఉండెనా సార్?"

"చెప్తాండా గదా, నీళ్లు తీసకరాపో!"

ఆమె పోలేదు. అతని బొటనవేలి వైపు చూసింది. అది ఇంకా కదులుతోంది. పదకొండేళ్లుగా తాను టీ గ్లాసు అందించింది ఆ చేతికే. ఓబుళేశు ఆమె చూపు చూసి, వ్యాగనును బల్ల మీద పెట్టేశాడు. చేతులు దులుపుకున్నాడు.

అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. ఈరక్క మెట్లు దిగింది. రెండో వరుస ముందుకు వచ్చి నిలబడింది. కంబన్న లేచాడు. ఈ క్షణం ఎట్లా ఉంటుందో అతను చాలాసార్లు ఊహించుకున్నాడు. ఊహలో ఆమె ఏడ్చేది, లేదా అతని చెయ్యి పట్టుకునేది.

"నువ్వు గీసింటివా కంబన్నా?"

"గీసింటినక్కా."

"ఆయప్ప తుడిచెనా?"

"తుడిచె."

"నువ్వు చూసింటివా, తుడిచేది?"

విచారణలో ఎవరూ ఈ ప్రశ్న వెయ్యలేదు.

"చూసింటి."

"చేతిలో సుద్ద లేకుండెనా?"

"జేబులో ఉండె."

ఈరక్క తట్టను చంకకు మార్చుకుంది.

"మళ్లీ గీయకపోతివే," అంది. గొంతు పెంచలేదు. "ఇంత సన్నంగా గీసే చెయ్యి నీది. ఇంకొకతూరి గీసింటే నా మొగుడు పోతుండెనా?"

ఆమె వెనక్కి తిరిగి, వంటల వైపు కాకుండా, వీధి తలుపు వైపు నడిచింది. మెడలోని ఆఫీసు కార్డు తీసి తట్టలో వేసి, తట్టను తలుపు పక్క కుర్చీలో పెట్టి, చెప్పులేసుకుని బయటికి పోయింది.

వేదిక మీద సారుకు బీపీ అన్నారు. ఇద్దరు పట్టుకుని వెనక తలుపు గుండా తీసుకుపోయారు. దండలు తీయడం మరిచిపోయారు. కారు కదిలిన చప్పుడు వినపడింది. దావీదురాజు మైకు తీసుకుని, అందరూ టిఫిన్ చేసి పోవాలన్నాడు. చుట్టాలు లేచారు. సాహితి ఒకసారి కంబన్న వైపు అడుగు వేసింది.

"అంకుల్, ఎవరు మీరు?"

"కె.బి.," అన్నాడు కంబన్న.

ఆమె వెనక తలుపు వైపు పరుగెత్తింది.

హాలు ముందు భాగం ఖాళీ అయింది. కంబన్న వేదిక ఎక్కాడు. వ్యాగను కొంచెం వంకరగా, బల్ల అంచు దగ్గర ఉంది. దాన్ని లోపలికి జరిపాడు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి, సుద్దముక్క తీసి, కాసేపు పట్టుకుని, చక్రాల పక్కన పెట్టాడు. ఎవరో వడలు తినిపొమ్మని పిలిచారు. అతను వినిపించుకోకుండా దిగి, రాజంపేట బస్సుకు పోయాడు.

బల్ల మీద వ్యాగను అట్లాగే ఉంది. ఇంటూ ఉంది, మాట ఉంది, తేదీ ఉంది. గోరు గీకిన చోట మాత్రం కె.బి. లేచిపోయి, గింజంత ఇత్తడి మెరుస్తోంది.